పగడములకు దీపము

పగడ మనగానే మనకు ముందుగా తోచునది మెడలోని పూస. మంగళసూత్రముల కిరుప్రక్కల గ్రుచ్చుకొనెడి యెఱ్ఱని పూసయో, కుజునికి ప్రీతియని ఉంగరమున పొదిగించుకొనెడి రాయియో జ్ఞప్తికి వచ్చును. అది రాయి కాదనియు, సముద్రమున బ్రదికిన చిన్నిజీవులు తమకు తామే కట్టుకొనిన గూడనియు చెప్పినచో మా అమ్మ నేటికిని నమ్మదు. నమ్మకున్న మానె. నేను వ్రాయబోవునది పూసల మాట కాదు, బ్రదికియున్న పగడముల మాట. సముద్రమునకు రెండువందల యేబది కిలోమీటర్లకు మించిన దూరమున, ఉప్పలులో, మా అన్నగారి యింటి ముందుగదిలో నవి నాలుగేండ్లుగా బ్రదుకుచున్నవి. పోయిన వేసవిలో దీపము మార్చుటలో మేము చేసిన పొరపాటువలన నవి చావు తప్పి కన్ను లొట్టపోయినట్లు బయటపడినవి. అటువంటి తొట్టి గల యిండ్లు మన నగరమున నిప్పుడు కొన్ని యున్నవి గనుకను, దానిని పెంచునది పిల్లలైనను కడకు కనిపెట్టుకొని యుండునది తల్లులే గనుకను ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ తొట్టి మా మేనల్లునిది. నాలు గడుగుల పొడవు. ఇంజనీరింగు చదువుచుండగా ముచ్చటపడి యమర్చుకొన్నాడు. పై చదువునకు అమెరికాకు పోవుచు, "అమ్మా, చేపలకు మేత, పగడములకు వెలుతురు. ఈ రెండును చూచుకొంటివా, తక్కినది ఫోనులో నేను చెప్పెదను" అని మా వదినెగారికి అప్పగించి విమాన మెక్కెను. నాటినుండి ఆమె తులసికోటకు నీరు పోసిన శ్రద్ధతో ఆ తొట్టిని చూచుచున్నది. ఆర్.ఓ. నీటిలో లీటరునకు ముప్పదియైదు గ్రాముల వంతున సముద్రపు టుప్పు కలిపి తొట్టికి నీరు తయారుచేయుట ఊరగాయకు పాళ్లు కలుపుటకన్న కష్టము కాదని యనును. కుఱ్ఱవాడు ఫోను చేసినప్పుడెల్ల ముందు తొట్టిని చూపుమనును. పిదపనే తండ్రికి చక్కెర యెంత యున్నదని యడుగును. అందులకు మా యన్నగారికి కొంచెము కోపము కలదు గాని, రాత్రి భోజనమైన పిమ్మట ఆ తొట్టి యెదుటనే కుర్చీ వేసికొని కూర్చుండునది ఆయనయే.

పగడమునకు వెలుతురేల? అది చెట్టు కాదు, జంతువు. అయినను దాని మాంసములోపల కంటి కగపడనంత చిన్నవగు ఒకజాతి పాచి కణములు లక్షలకొలది కాపురముండును. పగడము వానికి చోటిచ్చును. అవి వెలుతురును పట్టి ఆహారము వండుకొని, వండినదానిలో అధికభాగమును ఇంటి యజమానికే అద్దె క్రింద చెల్లించును. వెలుతురు చాలకున్న వంట సాగదు, అద్దె రాదు, యజమాని మెల్లగా కృశించును. మన మెడలోని యెఱ్ఱపగడమున కీ కాపురస్థులు లేరు. అది మధ్యధరా సముద్రమున మసకచీకటి గుహలలోను లోతునీటిలోను పెరుగునది. ప్రవాహము తెచ్చిన సూక్ష్మజీవులను పట్టి తినును. దీపముతో దానికి పనిలేదు. పేరొకటియే యైనను బ్రదుకులు వేఱు.

ఈ సందర్భమున ఒక యింగ్లీషు గృహిణిని తలపక తప్పదు. 1846 వ సంవత్సరమున ఆనా థిన్ అను నామె సముద్రతీరమునకు పోయి, అచటి రాతిపగడములను చూచి మోహపడి, రాతిజాడీలో పెట్టుకొని లండను నగరమునకు తెచ్చెను. నీటికి గాలి యందించు యంత్రములు ఆ కాలమున లేవు. తెఱచిన కిటికీ యెదుట ఆ నీటిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రకు మాటిమాటికి వంపించి, ఆమె మూడేండ్లు వానిని బ్రదికించుకొన్నది. నీరు వంపినది చాలవఱకు పనిమనిషియేయట! ఆ పనిమనిషి పేరు చరిత్ర కెక్కలేదు. దీపము సంగతి తెలియకయే ఆమె కవి దక్కుటకు హేతువేమన, ఆ చలిదేశపు పగడములు కూడ కాపురస్థులు లేనివే. ఉష్ణసముద్రముల పగడములైనచో లండను చలికాలపు మబ్బులో నొక్క నెలకే మాడిపోయెడివి. సముద్రజీవులను గాజుతొట్టిలో నుంచి పరిశీలించుటకు 1832 లో మొదట త్రోవ తీసినదియు స్త్రీయే. జాన్ వీల్‌ప్రో పవర్ అను ఫ్రెంచి యామె. తొట్టి పిల్లల యాట యని తీసివేయు పెద్దలకు ఈ పేర్లు రెండును చెప్పదగియున్నవి.

ఇక వెలుతురనగా నేదో యొక వెలుతురు కాదు. సముద్రజలము ఎండలోని యెఱుపును మొదటనే మ్రింగివేయును. పసుపును ఆకుపచ్చయు తరువాత తఱిగిపోవును. లోతునకు చేరునది నీలము. సముద్రపు నీలము ఆకాశపు ఛాయ మాత్రమే కాదని 1921 లో ఓడప్రయాణమున గుర్తించి, నీటి యణువులే వెలుతురును చెదరజేయునని చూపిన సర్ సి. వి. రామన్ గారు బాల్యమున విశాఖపట్టణపు సముద్రము చూచుచు పెరిగినవారే. ఆ నీలము క్రింద యుగయుగములుగా బ్రదికిన పగడపు కాపురస్థులకు నీలపు వెలుతురే వంటచెఱకు. 430 మొదలు 480 నానోమీటర్ల వఱకు గల కిరణములను అవి మిక్కుటముగా గ్రహించును. కాబట్టియే ఆ తొట్టిపై దీపములు చూచువారికి సినిమాహాలు ముంగిటివలె నీలముగా కనబడుట. ఇరుగుపొరుగువారు "ఇదేమి దీపమమ్మా, దోమల దీపమా?" అని మా వదినెగారిని పలుమాఱు లడిగిరి.

తొట్టిమీద నాలుగు గొట్టములు గల దీపపుపెట్టె వ్రేలాడుచుండును. ఎల్.ఇ.డి. దీపములు వచ్చిన యీ రోజులలో నిది పాతపద్ధతియే. కాని గొట్టపు దీపము తొట్టి యంతట వెలుతురును సమముగా పఱచును, నీడలు తక్కువ. కుఱ్ఱవానికి అదియే యిష్టము. అందొక గొట్టము ఫాల్గుణమాసమున నారిపోయెను. మా యన్నగారు దానిని సంచిలో పెట్టుకొని ఉప్పలు చౌరస్తాకు పోయి, ఒక కరెంటు సామాను కొట్టులో చూపి, అదే పొడవు, అదే లావు గల కొత్తదానిని తెచ్చి బిగించిరి. వెలిగినది! అందఱమును సంతోషించితిమి. కొట్టువాడు "పొడవు సరిపోయినది, మొనలు సరిపోయినవి, ఇంకేమి కావలె సార్?" అన్నాడట. ఆ మాట న్యాయముగనే తోచును. అందే మోసమున్నది. వానియందు దురుద్దేశము లేదు. ఇంటి దీపములు తప్ప వేఱు గొట్టము లుండునని వా డెఱుగడు.

గొట్టము చివర సన్నని యక్షరములలో వ్రాసియుండు సంగతిని చదువ నేర్చుకొనవలయును. టీ-5 అనగా లావు: అంగుళమున ఎనిమిదవ వంతు లైదు, అనగా 16 మిల్లీమీటర్లు. వెనుకటి లావుపాటి ట్యూబులైటు టీ-12, తరువాత వచ్చినది అంగుళపు టీ-8. (మందబుద్ధిని ట్యూబులైటని వెక్కిరించుట ఆ వెనుకటి మిణుకుమిణుకు గొట్టములనుండి వచ్చినదే. ఇప్పటి టీ-5 చటుక్కున వెలుగును గనుక ఆ తిట్టునకు తగదు.) ఈ టీ-5 లో రెండు తెగలు కలవు. ఇండ్లలో వాడు పొదుపు గొట్టము నాలుగడుగులది 28 వాట్లు. తొట్టులకు వాడు అధికకాంతి గొట్టము అదే పొడవున 54 వాట్లు. రెంటి పొడవును 1149 మిల్లీమీటర్లే, మొనలు నొకటే. కాని మొదటిదానికి చోకు 0.17 ఆంపియరులు పంపవలయును, రెండవదానికి 0.46. మా యన్నగారు తెచ్చినది 28 వాట్లది. దానిని 54 వాట్ల చోకునకు బిగించుట గాడిదపై ఏనుగు బరువు మోపుటయే. కొన్ని వారములలో దాని కొనలు నల్లబడినవి. చిన్న తొట్టులలోను ఇదే చిక్కు: 14 కును 24 కును ఒకే పొడవు, 21 కును 39 కును ఒకే పొడవు. కాబట్టి పొడవు చూచి కొనుట చాలదు. పాత గొట్టముపై వాట్లెన్ని యున్నవో అన్నియే యుండవలె. పాత గొట్టము పోయినచో దీపపుపెట్టెపైని చీటీ చూడవలె.

వాట్ల తరువాత రంగు. ఇంటి గొట్టముపై 865 అనియుండును. మొదటి యెనిమిది రంగులను ఎంత యథాతథముగా చూపునో తెలుపును; తరువాతి 65 అనగా 6500 కెల్విన్ అని. ఈ కెల్విన్ లెక్క కమ్మరి కొలిమిని చూచినవారికి సులువుగా బోధపడును. ఇనుము కాగినకొలది ఎఱుపు, పసుపు, తెలుపు అగును. ఇంకను కాగగల వస్తువైనచో నీలమగును. పసుపు వన్నె బల్బు 2700, పగటి వెలుతురు 6500, తొట్టి దీపములు 10,000 మొదలు 20,000 వఱకు. నాచారమున ఎన్. టి. రామారావుగారు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో ఉన్నది గదా; సినిమా దీపములవారును ఈ కెల్విన్ లెక్కతోనే మాటలాడుకొందురు. అయినను ఆ యొక్క యంకెనే నమ్మరాదు. ఒకే యంకె గల రెండు గొట్టములలో లోపలి రంగుల పాళ్లు వేఱువేఱుగా నుండవచ్చును. నమ్మదగిన తయారీదారు గొట్టముతో పాటు కిరణముల పటము నిచ్చును. దానియందు 420 కును 460 కును దగ్గఱ శిఖరములున్నవో లేవో చూడవలయును.

నాలుగు గొట్టముల పెట్టెకు మా మేనల్లుడు చెప్పిన పాళ్లివి: 460 దగ్గఱ శిఖరము గల నీలములు రెండు, 420 దగ్గఱ గల ఊదానీలము ఒకటి, పది పండ్రెండువేల కెల్విన్ల తెలుపు ఒకటి. ఊదానీలము మన కంటికి మసకగా తోచును. "ఇది వెలుగుటయే లేదు, డబ్బు దండుగ" అని మా వదినెగారు దానిని తీసివేయబోయినది కూడ. మన కన్ను ఆకుపచ్చను బాగుగా చూచును, ఊదాను మిక్కిలి తక్కువగా చూచును. పగడము కన్ను వేఱు. తెల్లనివే నాలుగును పెట్టినచో పగడము బ్రదుకును గాని బురదరంగుతో నుండును. తెలుపు బొత్తిగా లేకున్న చేపల రంగులు చచ్చి, గది పీడకలవలె నగును. నా యభిప్రాయమున ఒక తెలుపు తప్పక యుండవలె. తొట్టి పగడములకే కాదు, ఇంటివారికిని గదా.

ఎప్పుడు మార్చవలె? ఆరిపోయినప్పు డనుట తప్పు. గొట్టము లోపలి పూత దినదినము కొంత శక్తి పోగొట్టుకొనుచుండును. అది యింత నెమ్మదిగా జరుగును గనుక కంటికి పట్టదు. రోజునకు తొమ్మిదిపది గంటలు వెలిగించువారు తొమ్మిది మొదలు పండ్రెండు నెలలలో మార్చుట వాడుక. బిగించిన తేదీని గొట్టపు టోపీపై చెఱగని సిరాతో వ్రాసికొనుడు. కాని మార్చుటకు ముందు ఒక తడిగుడ్డ తీసికొని దీపము క్రింది పారదర్శకపు పలకను తుడిచి చూడుడు. తొట్టినుండి చిమ్మిన యుప్పు దానిపై పొలుసుకట్టి వెలుతురు నెంతో మ్రింగివేయుచుండును. తుడుచుటకు గాని, మార్చుటకు గాని ముందు ప్లగ్గు తీసివేయవలె, చేతులు పొడిగా నుండవలె. ఉప్పునీరును విద్యుత్తును కలసిన చోట హాస్యము కాదు.

ఇప్పుడు మా తప్పు. ఇది కొట్టువానిది కాదు, కేవలము మాదే. తగిన గొట్టములు ఊరిలో దొరకక, తెప్పించుకొనగా నాలుగును ఒకేమాఱు వచ్చినవి. నే నా యాదివారము నాచారమునుండి పోయియుంటిని. క్రొత్తబట్టలు కట్టించినట్లు నాలుగును ఆ పూటనే బిగించితిమి. తొట్టి దివ్యముగా నుండెను. ఫొటోలు తీసి పంపితిమి. అమెరికాలో నప్పుడు రాత్రి, కుఱ్ఱవాడు నిద్రలో నుండెను. అయిదవనాటికి పుట్టగొడుగు పగడముల యంచులు పాలిపోయినవి. పదవనాటికి పైవరుసలోనివి తెల్లకాగితమువలె నైనవి. మా వదినెగారు "బిడ్డ యప్పగించిపోయిన దానిని చంపుకొంటినే" అని కొంగు నోటి కడ్డము పెట్టుకొని యేడ్చుట నేను చూచితిని. ఆమె యేడ్చినది పగడముల కొఱకే కాదని నాకు తెలియును.

జరిగిన దేమన: ఏడాదికి పైబడిన మసకవెలుతురునకు అలవాటుపడిన కాపురస్థులపై ఒక్కమాఱుగా నిండు వెలుతురు పడినది. అధికమైన వెలుతురులో వారి వంట అదుపుతప్పి విషపదార్థములు పుట్టును. యజమాని భరింపలేక వారిని వెళ్లగొట్టును. పగడమునకు వన్నె నిచ్చినవారు పోగా లోపలి తెలుపు బయటపడును. దీనినే తెల్లబాఱుట యందురు. సముద్రములో నిది చాలవఱకు నీరు వేడెక్కుటచే జరుగును. తెలుగువా రనేకులు స్థిరపడిన అండమాను దీవులలో 2010 వేసవిని పగడపు దిబ్బలు విస్తారముగా తెల్లబాఱినవి. తెల్లబడినంతనే చచ్చినట్లు కాదు. కొన్ని వారములలో పరిస్థితి చక్కబడినచో కాపురస్థులు మరల చేరుదురు. ఆ వ్యవధి దాటిన పగడము ఆకటితో చచ్చును.

కుఱ్ఱవాడు కోపపడలేదు. అదియే తల్లికి మఱింత బాధయైనది. "అమ్మా, దీపమును ఒక జానెడు పైకెత్తుము. నాలుగు గంటలే వెలిగించుము. కిటికీలకు కొట్టు దోమల జాలీ యున్నదిగా, రెండు మడతలు తొట్టిమీద పఱువుము" అన్నాడు. నాచారమున మా వీధి వడ్రంగి యొద్ద మిగిలిన జాలీముక్క నేనే తీసికొనిపోయితిని. వారము గడచినకొలది ఒక్కొక్క మడత తీసి, మూడునాలుగు రోజుల కొకమాఱు అరగంట పెంచి, దీపమును మెల్లగా దింపితిమి. అది యెండలు మండు కాలము. నీటిపై ఫ్యాను పెట్టి, ఆవిరియైన మేరకు ఉప్పులేని ఆర్.ఓ. నీరు పోసితిమి. నెలన్నరకు అంచులలో పచ్చని నీడ కనబడినది. పైవరుసలోని రెండు మాత్రము దక్కలేదు. నాటినుండి మా పద్ధతి యిది: మూడేసి నెలల కొక గొట్టము మాత్రమే మార్చుట. ఏడాదిలో నాలుగును క్రొత్త వగును, పగడములకు తెలియనే తెలియదు.

పాత గొట్టములను చెత్తబండిలో వేయరాదు, పాతసామానువానికిని ఇయ్యరాదు. లోపల కొన్ని మిల్లీగ్రాముల పాదరసముండును. దాని యావిరి పుట్టించు కంటి కగపడని కిరణమునే లోపలి పూత కనబడు వెలుతురుగా మార్చును. (పగడములలోని కొన్ని మాంసకృత్తులును నీలమును మ్రింగి ఆకుపచ్చను ఎఱుపును వెలిగ్రక్కును, గొట్టమునకు పగడమునకు ఆ విద్య యొకటే.) గొట్టము పగిలినచో పిల్లలను బయటకు పంపి, కిటికీలు తెఱచి, ఫ్యాను ఆపి కొంతసేపు విడిచిపెట్టి, చీపురు తగిలింపక దళసరి అట్టముక్కతో ముక్క లెత్తి, మూతగల సీసాలో పెట్టవలె. చెడిపోయినవానిని విద్యుత్ చెత్తను పుచ్చుకొను అధీకృత సంస్థ కియ్యవలెను. 2016 నాటి నిబంధనలు పాదరసపు దీపములను ఆ చెత్తలోనే చేర్చినవి. పాదరసమును తగ్గించుటకై యేర్పడిన మినమాటా యొప్పందమును మన దేశము 2018 లో స్థిరపఱచినది. దాని ప్రకారము సామాన్యపు ఇంటి గొట్టముల తయారీ ఈ దశాబ్దములోనే ఆగిపోవలసియున్నది. తొట్టి గొట్టములును అరుదగుచున్నవి. చోకు బాగున్నంతకాలము గొట్టములే కొనుడు. వాడక దాచినది పాతబడదు గనుక ఒక జత యెక్కువ తెప్పించుకొనవచ్చును. చోకు పోయిననాడు దానికై తిరుగక ఎల్.ఇ.డి. కి మాఱుట మేలు. అప్పుడును దోమల జాలీ మఱవరాదు.

ఇంకొక మాట. రాతిపగడము లన్నిటిని, నల్లపగడములను, అగ్నిపగడములను, సముద్రపు వింజామరలను 2001 లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చిరి. అనగా పులి కెంత రక్షణయో వానికి నంత. మన సముద్రమునుండి పెఱికి తెచ్చి చాటున అమ్మువారు లేకపోలేదు. బిల్లును కాగితములును చూపనివానియొద్ద ముక్కైనను కొనవలదు. మా మేనల్లుడు పుట్టగొడుగు పగడములతోనే తృప్తిపడుటకు ఇదియు నొక కారణము.

నిన్న పోయి చూచితిని. తెల్లబడినవానిలో పెద్దది అఱచేయంత విప్పుకొని ఆకుపచ్చగా నున్నది. గోడమీది తెలుగు క్యాలెండరులో నాగులచవితి గడిక్రింద మా వదినెగారు "రెండవ నీలము" అని వ్రాసికొన్నది. దాని ప్రక్కనే మా యన్నగారి చక్కెర పరీక్ష తేదీయు నున్నది.